ప్రసాదం వద్దంటే పొగరంటున్నారు

ప్రశ్న: మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లె. మా వారి ఉద్యోగం వల్ల హైదరాబాద్ వచ్చి నాగోల్‌లో ఫ్లాట్ కొనుక్కున్నాం. ఇరవై ఇళ్ల అపార్ట్‌మెంట్‌లో క్రైస్తవులం మేమొక్కళ్లమే. ఇన్నాళ్లూ పండగ సెలవులకి ఊరెళ్లిపోయేవాళ్లం. ఈసారి వినాయక చవితికి ఇక్కడే ఉన్నాం. ఎదురింటి అక్క ఉండ్రాళ్లు, పులిహోర ప్లేటులో పెట్టి తెచ్చింది. గుమ్మంలోనే "మేము ప్రసాదం తినం అక్కా" అన్నాను. "మా ఇంట్ల వండింది తింటవ్ గని, దేవుని ముంగట పెట్టింది తినవా?" అని వెళ్లిపోయింది. అప్పటి నుంచి మాటల్లేవు. మేం చందా ఇవ్వలేదని వాట్సాప్ గ్రూపులో "ఇక్కడ ఉంటారు గానీ మనతో ఉండరు" అని ఎవరో పెట్టారు. మా ఇంట్లో శుక్రవారం రాత్రి ప్రార్థన కూటం జరుగుతుంది. మా పనమ్మాయి కూడా వస్తుంది. ఆమె కూతురి స్కూలు ఫీజు మేమే కట్టాం. అందుకని డబ్బులిచ్చి మతం మారుస్తున్నామంటున్నారు. రెండో అంతస్తులో ఒక ముస్లిం కుటుంబం ఉంది. వాళ్లూ ప్రసాదం తినరు. వాళ్లని ఎవరూ పల్లెత్తు మాట అనరు. మా పాస్టర్ గారు ఇది విశ్వాసులకు వచ్చే శ్రమ, సంతోషించమన్నారు. నాకు సంతోషం రావడం లేదు, టెన్షనే. మా వారు గ్రూపులో గట్టిగా సమాధానం పెడతానంటున్నారు. నాలుగో తరగతి చదివే మా బాబు "మన దేవుడు ఇంగ్లీష్ దేవుడా?" అని అడుగుతున్నాడు. తగ్గి ఉండాలనే ఉంది. తగ్గితే విశ్వాసంలో రాజీ పడ్డట్టేనేమోనని భయం. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, నాగోల్

సమాధానం: అమ్మా, ప్రసాదం సంగతి ముందు తేల్చేద్దాం. మీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే తినకండి. తినమని నేను చెప్పను. విగ్రహాలకి అర్పించింది తినొచ్చా అని కొరింథు సంఘంలో ఇదే గొడవ వస్తే పౌలు దాని మీద అధ్యాయాలే రాశాడు. సంతలో అమ్మేది ఆరా తీయకుండా తినమన్నాడు. ఎవరైనా భోజనానికి పిలిస్తే వడ్డించింది తినమన్నాడు. ఇది అర్పించినదని ఎవరైనా చెబితే మాత్రం మానేయమన్నాడు. మన తెలుగు సంఘాలు చాలావరకు ఆ చివరి మాటను పట్టుకున్నాయి. మీరూ అలాగే పెరిగి ఉంటారు. సరే.

నాకు పట్టింపు ఉన్నది మీరు వద్దన్న తీరు దగ్గర. ఆవిడ తెల్లవారకముందే లేచి, తలస్నానం చేసి, ఏమీ తినకుండా పొయ్యి దగ్గర నిలబడి ఉంటుంది. పూజ అయ్యాక అపార్ట్‌మెంట్‌లో పంచడానికి ప్లేట్లు సర్దుకుంటే ఎదురిల్లు కాబట్టి మీదే మొదటి ప్లేటు అయ్యుండొచ్చు. ఆ ప్లేటు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాక మీరు ఒక్క వాక్యం చెప్పారు. ఆ వాక్యంలో ఆమెకు మీ విశ్వాసం వినపడలేదు, వినపడే అవకాశమూ లేదు. తన చేతిలో మిగిలిపోయిన ప్లేటే కనపడింది. దానితో వెనక్కి తిరిగి, లిఫ్ట్ దగ్గర ఎవరైనా చూస్తున్నారేమోనని చూసుకుంటూ తన తలుపు తీసుకుని ఉంటుంది. "మనతో ఉండరు" అన్న మెసేజ్ వెనకాల ఉన్నది అదే.

బబులోను రాజు కొలువుకి చెరపట్టి తెచ్చిన యూదు కుర్రాడు దానియేలు కథని సండే స్కూల్లో ధైర్యం కథగా చెబుతారు. రాజు భోజనం వద్దన్నాడు, ఎంత గుండె ధైర్యమో అని. ఒకసారి మొదటి అధ్యాయం మళ్లీ చదవండి. ఆయన పళ్లెం నెట్టేయలేదు. వంటకాలు ముందుకు రాకముందే అధికారి దగ్గరకెళ్లి అనుమతి అడిగాడు. "మీరు చిక్కిపోతే రాజు నా తల తీయిస్తాడయ్యా" అని ఆ అధికారి భయపడితే ఆ భయాన్ని కొట్టిపారేయలేదు. పది రోజులు కూరగాయలు, నీళ్లు ఇచ్చి చూడండి, తర్వాత మీ ఇష్టం అన్నాడు. వద్దనడం వల్ల అవతలి మనిషికి వచ్చే ఇబ్బందిని కూడా తన లెక్కలో వేసుకున్నాడు. అపార్ట్‌మెంట్‌లో మనకు కావలసిన తగ్గింపు అదేనని నాకనిపిస్తుంది. ఏం తినాలో తినకూడదో మీ ఇష్టం. మీ 'వద్దు' వల్ల ఎవరి ముఖం చిన్నబోతుందో చూసుకోవడం మాత్రం మీ బాధ్యత.

కాబట్టి ఒక పని చేయండి. పిల్లలు స్కూలుకి, మగవాళ్లు ఆఫీసుకి వెళ్లాక ఒకరోజు ఆమె ఇంటికి వెళ్లండి. ఒక్కరే వెళ్లండి. స్వీట్ బాక్స్ వద్దు, లంచంలా ఉంటుంది. "అక్కా, ఆ రోజు నిన్ను గుమ్మంలో నిలబెట్టి మాట్లాడాను, అది నా తప్పు. ప్రసాదం మేం చిన్నప్పటి నుంచీ తినం, అది మా పద్ధతి. ముందే నీకు చెప్పి ఉండాల్సింది" అనండి. అంతే. ఎందుకు తినరో ఆమె అడగకపోతే చెప్పకండి. అడిగితే రెండు మాటల్లో చెప్పండి, బైబిల్ తెచ్చి చూపించకండి. తర్వాత టీ పెట్టమని మీరే అడగండి. ఆమె ముభావంగా ఉంటే ఉండనివ్వండి. బాధపడ్డ మనిషి మన వీలు చూసుకుని మామూలైపోదు.

టీ అడగమన్నది ఊరికే కాదు. మనవాళ్లకి ఇవ్వడం బాగా వచ్చు, పుచ్చుకోవడం రాదు. క్రిస్మస్‌కి కేకులు ఇస్తాం, జబ్బు చేస్తే ప్రార్థన చేస్తాం, అవసరమైతే డబ్బు సర్దుతాం. ఎప్పుడూ మన చెయ్యే పైన. యోహాను సువార్తలో సమరయ స్త్రీతో యేసు మాట మొదలుపెట్టింది "నాకు దాహానికి ఇమ్ము" అనే కదా. యూదుడు సమరయుల కుండలో నీళ్లు తాగడమంటే ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆయన మాత్రం ముందు అడిగాడు, తర్వాతే ఇచ్చాడు. 1910లో ఎడిన్‌బరోలో మిషనరీల మహాసభ జరిగితే మన డోర్నకల్‌కి తర్వాత బిషప్ అయిన అజరయ్య అక్కడ నిలబడి తెల్లవాళ్లని ఇదే అడిగాడు. మీరు మా బీదల కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు స్నేహితులు కావాలి అని. ఎదుటివాడు ఎప్పుడూ దాతగానే ఉంటే ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. మీ ఎదురింటావిడ దగ్గర మీరు కరివేపాకు అడిగి ఎన్నాళ్లయింది? మిక్సీ జార్ అడిగి? ఊరెళ్తూ తాళం చెవి ఆమెకిచ్చి, మొక్కలకి నీళ్లు పోయమని ఎప్పుడైనా చెప్పారా?

ఇక ముస్లిం కుటుంబం సంగతి. ఇది మీరు ఫిర్యాదుగా రాశారు. నాకైతే మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే వాక్యం ఇదే. వాళ్లని ఎందుకు అనరు? వాళ్లు తింటారని ఎవరూ అనుకోరు కాబట్టి. ఈ ఊరు 1591లో పుట్టినప్పటి నుంచీ ఆ లెక్క చూసుకుంటూనే ఉంది. ఎవరింటికి ఏం పంపాలో, ఏం పంపకూడదో రెండు వైపులా తెలుసు. మీ సంగతి అలా కాదు. మీ భాష అదే, ఆవకాయ అదే, చీర కట్టు అదే. మీ నాయనమ్మ పేరు సీతమ్మో లక్ష్మమ్మో అయి ఉంటుంది. మెళ్లో తాళి కూడా ఉండొచ్చు. అందుకే మీరు మనవాళ్లే అని వాళ్లు అనుకుంటారు. పరాయివాళ్లు వద్దంటే అది వాళ్ల ఆచారం. మనవాళ్లు వద్దంటే మనల్నే వద్దన్నట్టుంటుంది. ఆ కోపంలో సగం వరకూ చనువు ఉందమ్మా, దాన్ని ద్వేషం కింద జమ కట్టకండి.

మిగతా సగం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. తెలుగు క్రైస్తవుల్లో చాలామంది మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. "మారినవాళ్లు" అనే మాటలో ఒక్కోసారి మతం కన్నా కులమే ఎక్కువ వినిపిస్తుంది. మీ కులమేమిటో మీరు రాయలేదు, నేను అడగను. కానీ ఎవరైనా ఆ మాట ఎత్తితే అక్కడ తగ్గాల్సిన పని లేదు. తరాల పాటు తలొంచుకుని బతికిన వాళ్లకి వినయం గురించి ఉపదేశం చేయడం నాకు నచ్చదు, చర్చి ప్రసంగాల్లో అలాంటివి వింటే చిరాకేస్తుంది. "ఆ మాట మళ్లీ అనకండి" అని ఒక్క వాక్యంలో ఆపేయండి. బెదిరింపుల దాకా వస్తే పోలీస్ స్టేషన్ ఉంది. నచ్చిన మతాన్ని నమ్మి, ఆచరించి, ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం మీకిచ్చింది. దానికీ వినయానికీ ఏ తగాదా లేదు.

మీ పాస్టర్ గారి మాట మీద నాకు కొంచెం అభ్యంతరం ఉంది. శ్రమలు వస్తాయన్న మాట నిజమే. క్రీస్తు పేరు మీద నిజంగా దెబ్బలు తిన్నవాళ్లు మన దేశంలో ఉన్నారు. ఎదురింటివాళ్లు పలకరించకపోవడాన్ని కూడా ఆ లెక్కలో వేస్తే అసలు దెబ్బలు తిన్నవాళ్లకి అన్యాయం చేసినట్టు. పేతురు తన మొదటి పత్రికలో మీరు ఎందుకోసం బాధపడకూడదో ఒక జాబితా రాశాడు. నరహంతకుడు, దొంగ, దుర్మార్గుడు, ఆ వరసలోనే పరుల జోలికి పోయేవాడు. ఆ నాలుగోదాని మీద ప్రసంగం నేనైతే వినలేదు. మనకి వచ్చే మాటల్లో ఎన్ని క్రీస్తు కోసం, ఎన్ని మన తీరు వల్ల అని విడదీసి చూసుకుంటే, రెండో కుప్ప మన చేతుల్లో పనే.

ఉదాహరణకి మీ శుక్రవారం కూటం. మెట్ల మీద ఎన్ని జతల చెప్పులు ఉంటాయి? వచ్చినవాళ్ల బండ్లు ఎవరి పార్కింగ్‌లో పెడతారు? ఎన్నింటికి అయిపోతుంది? హాల్లోకి స్పీకర్ బాక్స్ తెస్తారా? రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వద్దని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. వినాయక మండపం డీజే దాటట్లేదా అంటారు. దాటుతోంది. వాళ్ల డీజే సంగతి నన్ను అడిగితే వాళ్లకీ ఇదే చెబుతాను, అడిగింది మీరు. పది మందికి బాక్స్ ఎందుకు? తొమ్మిదికల్లా ముగించి, వచ్చినవాళ్లని మెట్ల దగ్గర గుంపుగా నిలబడి మాట్లాడుకోవద్దని చెప్పండి.

చప్పుడు కన్నా పెద్ద సమస్య మాటలు. కూటాల్లో సాక్ష్యాలు చెప్పేటప్పుడు "ఒకప్పుడు రాళ్లకీ రప్పలకీ మొక్కేవాళ్లం, చీకట్లో ఉండేవాళ్లం" అనడం మనవాళ్లకి అలవాటైపోయింది. చెప్పేవాళ్లు తమ బతుకు గురించే చెప్పుకుంటారు, ఎవరినీ తిట్టాలని కాదు. కానీ కిటికీ తెరిచి ఉంటుంది. పక్క ఫ్లాట్‌లో అదే టైముకి ఒక పెద్దావిడ దీపం పెట్టుకుని కూర్చుంటుంది. ఆమె చెవిన పడేది "రాళ్లు" అన్న ముక్కే. ఎఫెసులో పౌలు మనుషుల మీద ఊరంతా తిరగబడినప్పుడు వాళ్లని కాపాడిందెవరు? క్రైస్తవుడు కాని పట్టణ అధికారి. వీళ్లు మన గుడి దోచుకోలేదు, మన దేవతను దూషించనూ లేదు అని జనం ముందు చెప్పాడు. రెండేళ్లకు పైగా అక్కడ సువార్త చెప్పినవాళ్ల గురించి అన్య మతస్థుడు ఆ మాట అనగలిగాడు. మీ అపార్ట్‌మెంట్ సెక్రటరీ మీ కూటం గురించి అలా చెప్పగలడా? చెప్పలేడనిపిస్తే, వచ్చేవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడాల్సింది మీరే. ఇంటి ఇల్లాలిగా మీకా హక్కుంది.

ఇప్పుడు పనమ్మాయి. మీకు నచ్చకపోవచ్చు గానీ, ఇందులో మీ పొరుగువాళ్ల అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. మీ మనసులో ఏ మరకా లేదు, నమ్ముతాను. అయినా జీతమిచ్చే ఇంట్లో, కూతురి ఫీజు కట్టిన ఇంట్లో, "శుక్రవారం రామ్మా" అంటే ఆమె ఎలా రాననగలదు? ఇష్టంగానే వస్తుండొచ్చు. ఆ ఇష్టం ఎంతో ఆమెకే సరిగ్గా తెలియకపోవచ్చు.

ఈ చిక్కు కొత్తది కాదు. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి పని ఇచ్చి కూలి ఇచ్చాడు. వేలమంది బాప్తిస్మం కావాలని వచ్చారు. కరువు పనులు నడిచినంత కాలం ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారో దేవుని కోసం వస్తున్నారో ఆ సమయంలో తేలదని ఆయన భయం. సాయం పంచడం ఆగిపోయాకే ఇచ్చాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. అన్నం కోసం మారారన్న నింద అయినా ఆగలేదు, ఇప్పటికీ వినపడుతూనే ఉంది. కనీసం జవాబు చెప్పుకోవడానికి ఆయన చేసిన పని ఒకటి ఉంది.

మీరు చేయాల్సింది ఆ రెండింటినీ విడదీయడమే. ఫీజు కట్టడం మానకండి. వచ్చే ఏడాదిది నేరుగా స్కూల్లో కట్టేయండి, "నువ్వు కూటానికి వచ్చినా రాకపోయినా ఇది నడుస్తుంది" అని ఆమెకి స్పష్టంగా చెప్పండి. ప్రార్థనకి వెళ్లాలని ఆమెకే ఉంటే, తను ఉండే బస్తీ దగ్గర చర్చి ఉంటుంది, అక్కడికి వెళ్లమనండి. అక్కడ ఆమె ఎవరికీ పనిమనిషి కాదు. మీ హాల్లో మాత్రం మోకరించి లేచాక టీ గ్లాసులు కడిగేది ఆమే కదా? కాదని రాస్తే సంతోషిస్తాను.

చందా గురించి మీరు పెద్దగా రాయలేదు, నేనూ సాగదీయను. పూజ ఖర్చుకి ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆ మాట కమిటీ వాళ్లకి ముందే చెప్పి, లైట్లకో, ఆ రోజు వాచ్‌మన్ కుటుంబానికి బట్టలకో, నిమజ్జనం రోజు పిల్లలకి మంచినీళ్లకో ఇస్తామనండి. మీ వారి మెసేజ్ విషయంలో మాత్రం అడ్డు పడండి. గ్రూపులో పెట్టిన సమాధానం ఎంత సౌమ్యంగా రాసినా ఇరవై ఇళ్లవాళ్లు ఇరవై రకాలుగా చదువుతారు, అందులో పది మంది స్క్రీన్‌షాట్ తీసి బయటికి పంపుతారు. "మనతో ఉండరు" అని రాసినాయన ఎవరో తెలిస్తే, మీ వారిని కింద పార్కింగ్‌లో ఆయనతో ఐదు నిమిషాలు మాట్లాడమనండి. బైక్ తుడుచుకుంటూ మాట్లాడుకున్నంత బాగా మగవాళ్లు సోఫాలో కూర్చుని మాట్లాడుకోలేరు.

బతుకమ్మ కూడా దగ్గర పడుతోంది. కోనసీమ నుంచి వచ్చిన మీకు ఇది కొత్త, ఇక్కడి ఆడవాళ్లకి ప్రాణం. కొందరు క్రైస్తవులు ఇది పూల పండగని కలుస్తారు, కొందరు గౌరమ్మ పూజ ఉందని కలవరు. మీరెటైనా ఉండండి, తలుపు మాత్రం వేసుకుని కూర్చోకండి. చుట్టూ తిరిగి ఆడకపోయినా, ముందు రోజు సాయంత్రం గునుగు పూలకి రంగులద్దేటప్పుడు, తంగేడు కట్టలు విప్పేటప్పుడు వెళ్లి కూర్చోవచ్చు. చేతులకి రంగులంటించుకుంటూ చెప్పుకునే కబుర్లలో సగం తగాదాలు కరిగిపోతాయి. అదీ మనసుకి నచ్చకపోతే, ఆటకి వెళ్లిన తల్లుల చంటిపిల్లల్ని ఓ గంట మీ ఇంట్లో పెట్టుకోండి.

బాబు ప్రశ్న నాకు నచ్చింది. వాడికి ఉపన్యాసం వద్దు. ఊరెళ్లినప్పుడు మీ అమ్మగారి పాత కీర్తనల పుస్తకం చూపించండి. పాటల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి, చాలావాటిని రాసింది తెలుగువాళ్లే. ఈసారి విజయవాడ వైపు వెళ్లేటప్పుడు వీలైతే డోర్నకల్ జంక్షన్‌లో దిగి, అజరయ్య కట్టించిన కథీడ్రల్ చూపించండి. గుడి, మసీదు, చర్చి కట్టడాల తీరులు మూడూ ఒకే చోట కలిపి కట్టారు. వాడే ఏదో ఒకటి తేల్చుకుంటాడు.

క్రిస్మస్‌కి కేకులు పంచే అలవాటు మీకూ ఉంటే ఈ ఏడు మానకండి. డబ్బాలో కరపత్రం పెట్టకండి, కేకు కేకులాగే వెళ్లాలి. గుడ్డు వేశారో లేదో ముందే చెప్పండి. మార్గశిర గురువారాలు లక్ష్మీపూజ చేసుకునేవాళ్లు ఉంటారు, ఆ రోజు వాళ్లకి ఇవ్వకండి. అది అయ్యప్ప మాల వేసుకునే కాలం కూడా. మాలలో ఉన్నాయన "స్వామీ, దీక్షలో ఉన్నాను, తీసుకోను" అంటే మీరేమీ అనుకోరు కదా. అలాంటి ఇళ్లు ఏవో ఎదురింటి అక్కని ముందే అడిగి తెలుసుకుని, వాళ్లకి కేకు బదులు కమలాలో అరటిపళ్లో పట్టుకెళ్లండి.